చాటెడు తవుడు

ఎర్రచెలిమ,
20-1-1957

ప్రియమైన రత్నకు,

పక్కింటి లక్ష్మక్క దీవించి రాసేది. ఇక్కడ మేమందరం బాగానే తిని తిరుగుతున్నాం. అక్కడ నువ్వు కూడా తింటున్నావని తెలిస్తే మేము తిన్నది ఒంటబడుతుంది.

మీ ఆయన దేవేంద్రప్ప కడప నుంచి వచ్చి ఒక సంగతి చెప్పాడు. గాబ్రియేలు డాక్టరు గారు చేసే కరెంటు వైద్యంలో కొన్నాళ్లు పాత సంగతులు మరపున పడతాయట. అందుకని ఇంటి దగ్గరివాళ్లెవరైనా జరిగినదంతా నెమ్మదిగా, ఉన్నదున్నట్లు రాయమన్నారట. మీ ఆయనకు మాటలే రావు, ఇంక రాతలెక్కడివి? మీ అత్తకు అక్షరం ముక్క రాదు. మిగిలింది నేను. బడిపంతులు పెళ్లాన్ననీ, నువ్వు తప్ప ఊళ్లో ఉత్తరం రాయగల ఆడమనిషిని నేనొక్కదాన్నేననీ నాకు పొగరని నువ్వే అనేదానివి. ఇప్పుడు ఆ పొగరే నీకు అక్కరకొచ్చింది చూడు.

సరే, మొదటి నుంచి చెప్తా విను. నీకు ఇద్దరు పుట్టి పోయారు. ఆడపిల్ల పురుడు వెళ్లకముందే, మగపిల్లోడు ఇంకా ముందే. మూడోసారి పోయిన శ్రావణంలో వీడు పుట్టాడు. వీడైనా దక్కాలని మీ అత్త భీమమ్మ, పురుడు నాడు తిని పారేసిన పుల్లి విస్తరాకుల మీద వీడిని పడుకోబెట్టి పుల్లయ్య అని పేరు పెట్టించింది. ఆ తర్వాత అమ్మకం. కన్నతల్లి బిడ్డను వీధిలో ఇంకొకరికి అమ్మేస్తే, వాడు ఆ ఇంటివాడు కాదు కాబట్టి చావు వచ్చినా వెతుక్కొని వెనక్కి పోతుందని కదా మనవాళ్ల నమ్మకం. నేను చాటెడు తవుడు తెచ్చి నీ కొంగులో పోశాను. నువ్వు బిడ్డను నా చేతుల్లో పెట్టావు. అందరూ నవ్వారు. ఎక్కడైనా కొన్న మనిషి ఆ నిమిషమే, "ఇదిగో, నా బిడ్డను సాకిపెట్టు" అని తల్లికి తిరిగిచ్చేస్తుంది. నేనూ ఆ మాట అని చేతులు చాపాను. నువ్వు తీసుకోలేదు. తవుడు కొంగున మూట కట్టుకొని లోపలికి పోయి తలుపేసుకున్నావు.

ఆ తర్వాత వాడిని నువ్వు ఎత్తుకోలేదు, పాలియ్యలేదు. వాడు ఏడిస్తే చెవులు మూసుకున్నావు. స్నానం మానేశావు, నిద్ర మానేశావు. మీ అత్త నిన్ను సుంకులమ్మ గుడిలో నిద్రలు చేయించింది. వేపమండలతో వీపు మీద కొట్టించి గాలి దింపించింది. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. ఆమెను తప్పు పట్టకు. ఆమెకు తెలిసినదంతా చేసింది. ఆఖరికి మా కంబన్న అయ్యవారు, మద్రాసులో మనసు జబ్బుల వైద్యం నేర్చుకున్న డాక్టరు ఒకాయన కడపలో ఉన్నాడని వాకబు చేసి మీ ఆయనకు చెప్పాడు. మీ ఆయన అప్పటికప్పుడే ఎద్దులు కట్టాడు.

పుల్లోడు నా దగ్గరే ఉన్నాడు. మేకపాలు తాగి గుండులా ఉన్నాడు. నా ముక్కుపుడక మీద వాడికి కన్ను పడింది. దాన్ని పీకేదాకా నిద్రపోయేట్టు లేడు.

వాడిని గురించి ఒక్క మాట అడిగి రాయి తల్లీ. నేనింకేమీ అడగను.

నీ పొగరుబోతు అక్క,
లక్ష్మక్క

*

కడప,
6-2-1957

ప్రియమైన అక్కకు,

రత్న నమస్కారాలు. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టుకోకు.

నువ్వు రాసినవాటిలో వేపమండలు నాకు గుర్తు లేవు, మంచిదే. తవుడు గుర్తుంది. వాడు నా బిడ్డ కాదక్కా, నీ బిడ్డ. నేను ఉత్తుత్తిగా అమ్మలేదు. నాకు నయమైనా కాకపోయినా వాడిని ఇక్కడికి తేవద్దని ఆయనతో చెప్పు.

ఒక్క మాట అడగమన్నావు. మన రెండిళ్ల నడుమ బావి ఉంది కదా, ఆ వైపు తలుపుకు గడియ పెడుతున్నావా? నీళ్లకు పోయేటప్పుడు వాడిని చంకనేసుకొని పోవద్దు. రోకలి గోడకు నిలబెట్టొద్దు, పడుకోబెట్టు. కత్తిపీట వాడకం అయిపోగానే అటక మీద పెట్టు. మరిచిపోవు కదా?

ఇక్కడ సుంకమ్మ అని ఆయా ఉంది. మంచి మనిషి. తలనిండా మల్లెలు పెట్టుకొని వస్తుంది. ఆ వాసనకు నేను ముఖం తిప్పుకుంటాను. ఎందుకో ఆమెకు తెలియదు పాపం.

ఇట్లు,
రత్న

*

ఎర్రచెలిమ,
27-2-1957

ప్రియమైన రత్నకు,

లక్ష్మక్క దీవెనలు, దీవెనలతో పాటు తిట్లు కూడా.

ఏమే, బిడ్డ ఎట్లున్నాడని ఒక్క మాట అడగమంటే బావి, గడియ, రోకలి, కత్తిపీట అని పంచాయితీ మునసబులాగా అన్నీ అడిగావు, వాడెట్లున్నాడని మాత్రం అడగలేదు! నాకు ఒళ్లు మండింది. నేనేమన్నా బిడ్డను బావి గట్టు మీద ఆడించే మనిషినా? నీ ఉత్తరం అయ్యవారి ముందు విసిరేశాను. ఆయన కళ్లద్దాలు సర్దుకొని మెల్లగా చదివి, "బిడ్డ నాది కాదనే మనిషి గడియ సంగతి ఎందుకు అడుగుతుంది లక్ష్మీ?" అన్నాడు. లేచిపోయి గడియ పెట్టి వచ్చాను. రోకలి కూడా పడుకోబెట్టాను. నీ మీద కోపంతోనే పడుకోబెట్టాను అనుకో.

వాడికి కింద రెండు పళ్లు వచ్చాయి. బోర్లా పడి ఈదుతున్నాడు. మీ అత్త పొద్దునా సాయంత్రం వస్తుంది, వాడిని చూసి మెటికలు విరుస్తుంది, పోయేటప్పుడు గుమ్మంలో నిలబడి, "కన్నబిడ్డను తవుడుకమ్మి మళ్లా చూడని తల్లి యాడన్నా ఉంటాదా లక్ష్మక్కా? దీనికి గుండె ఉండాదా?" అంటుంది. నేను ఏం చెప్పను? జబ్బు అత్తా అంటాను. "జబ్బయితే జరముండల్ల, దగ్గుండల్ల. ఇదేం జబ్బు?" అంటుంది.

ఒక సంగతి నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించదు. నాకు కడుపు పండలేదని నీకు తెలుసు. ఇప్పుడు వాడు నన్ను చూస్తే చాలు, చేతులు చాపుతాడు. మొన్న మంగళవారం సుంకులమ్మకు దండం పెట్టుకుంటూ, రత్నకు తొందరగా నయం చెయ్యి తల్లీ అన్నాను, ఆ వెంటనే, మరీ తొందరేం లేదులే అని నా నోట్లోంచి వచ్చింది. లెంపలేసుకున్నాను. నాతో మాట్లాడు రత్నా. నువ్విట్లా దూరంగా ఉంటే నాలో ఈ దొంగబుద్ధి పెరిగేట్టు ఉంది.

దేవేంద్రప్పతో వేరుసెనక్కాయలు పంపుతున్నాను. సుంకమ్మకు కూడా పెట్టు.

నీ అక్క,
లక్ష్మక్క

*

కడప,
14-4-1957

ప్రియమైన అక్కకు,

రత్న ప్రేమతో రాసేది. ఈసారి నా అక్షరాలు చూడు, ఎంత గుండ్రంగా ఉన్నాయో! ఇప్పుడు తింటున్నాను, నిద్రపోతున్నాను. కరెంటు వైద్యం అంటే భయపడ్డాను. కణతలకు పట్టీలు కట్టేది తెలుస్తుంది, ఆ తర్వాత ఏమీ తెలియదు. లేచాక తల దిమ్ముగా ఉంటుంది. ఒకరోజు మీ అయ్యవారి పేరు ఎంతసేపటికీ గుర్తు రాలేదు. కళ్లద్దాలాయన అన్నాను. సుంకమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. అప్పుడే డాక్టరు గారు, "ఇంక ఈ వైద్యం చాలు, మాత్రలు వేసుకుందాం, మాట్లాడుకుందాం" అన్నారు.

అక్కా, ఇన్నాళ్లూ అందరూ నాకేం పట్టిందని అడిగారు. డాక్టరు గారు మాత్రం, "నీకేం పోయిందమ్మా?" అని అడిగారు. నాకు మొదట అర్థం కాలేదు. ఇద్దరు బిడ్డలు పోయారండీ, పేరు పెట్టకముందే పోయారు, పేరులేని బిడ్డకు ఏడుపు లేదు కదా అన్నాను. అదేమిటని అడిగారు. చెప్పాను. పెద్దవాళ్లు పోతే ఊరంతా పలకరింపుకు వస్తుంది, పట్టుకొని ఏడుస్తుంది, పొయ్యి వెలిగించనీయక సంగటి మోసుకొస్తుంది. పురిటి బిడ్డ పోతే ఎవరూ రారు. ఏడిస్తే మళ్లీ కడుపు పండదని అత్త నా నోరు మూసింది. పాలు ఇంకిపోవాలని రొమ్ములకు మల్లెపూలు కట్టారు. పూలు వాడే లోపల పాలు ఆగాయి. నా దుఃఖం కూడా ఆగిందనుకున్నారు. రెండోసారీ మల్లెలే కట్టారు. అందుకే నాకు ఆ వాసన పడదు.

డాక్టరు గారు, "మనసులో కూడా పేర్లు పెట్టుకోలేదా?" అన్నారు. పెట్టుకున్నానక్కా. ఎవరికీ చెప్పలేదు. ఆడపిల్ల ముత్యాలు. పిల్లోడు ఓబులేసు. ఆ రెండు పేర్లూ పైకి అన్న రోజు నేను పొద్దుగూకేదాకా ఏడ్చాను. సుంకమ్మ ఆ రోజు పూలు తీసేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాసి చించి, మళ్లీ రాస్తున్నాను.

వీడు పుట్టిన కొద్దిరోజులకు, వీడిని ఎత్తుకొని బావి దగ్గర నిలబడ్డాను. 'వదిలేస్తే?' అని ఒక తలపు వచ్చింది. నేను అనుకోలేదు, దానంతటదే వచ్చింది. లోపలికి పరుగెత్తాను. మర్నాడు రోకలి చూస్తే ఇంకో తలపు. కత్తిపీట చూస్తే ఇంకోటి. వీడి కోసం ప్రాణమిచ్చే దాన్ని, నాకే ఆ తలపులు! నేను మనిషిని కాదనుకున్నాను. ఆ ఇద్దరూ నా చేతి దోషం వల్లే పోయారేమో అనుకున్నాను. బిడ్డను అమ్మే ఆచారం చేద్దామని అత్తను అడిగింది నేనే, ఆమె కాదు. నీకే అమ్ముదామన్నదీ నేనే. నువ్వయితే వాడిని కళ్లలో పెట్టుకుంటావని. తవుడు తీసుకున్నాక ఇంక వాడు నా చేతికి రాకూడదనుకున్నాను. వాడికి నా నుంచి గండం లేకుండా చేశానని, ఆ రోజు తలుపేసుకొని, తవుడు మూట గుండెకు హత్తుకొని నేను సంతోషపడ్డానక్కా.

డాక్టరు గారు ఇదంతా విని ఉలిక్కిపడలేదు. "కాన్పు తర్వాత కొందరు తల్లులకు వచ్చే జబ్బు ఇది. నేను నిన్ను చాలా రోజుల నుంచి చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను, నీకు తలపు వేరు, పని వేరు. నువ్వు ఆ తలపును చూసి భయపడి బిడ్డను కాపాడుకున్నావు" అన్నారు. మందులతో తగ్గుతుందట. తగ్గాక కూడా ఎప్పుడైనా తలుపు తట్టవచ్చట. "వస్తే దాచిపెట్టుకోకు. పక్కనున్న మనిషికి చెప్పు. కాసేపు బిడ్డను వాళ్ల చేతికివ్వు. దాచుకుంటేనే అది పెరుగుతుంది" అన్నారు.

పక్కనున్న మనిషికి చెప్పమన్నారు కాబట్టి నీకు చెప్పాను. చదివాక నన్ను చూసి నువ్వు భయపడితే నీ తప్పు లేదు.

రత్న

*

కడప,
26-5-1957

ప్రియమైన అక్కకు,

నా ఉత్తరం అందిందా? పోస్టు బంట్రోతు కనిపించినప్పుడల్లా గేటు దాకా పోతున్నాను. అందలేదంటే నమ్మాలని ఉంది.

ఆయన పోయిన వారం వచ్చారు. లక్ష్మక్క ఎట్లుందంటే, "బాగుండాది" అన్నారు. పుల్లోడు? "బాగుండాడు." అత్త? "ఉండాది." వేరుసెనక్కాయలు ఒలిచి నా ముందు కుప్ప పోసి పోయారు. తల మాత్రం ఒకసారి నిమిరారు.

కోపం వచ్చి ఉంటే తిట్టి రాయి, నీ తిట్లు నాకు అలవాటే. భయం వేసి ఉంటే మాత్రం ఒక్క పని చెయ్యి. వాడిని తీసుకొని నాకు దూరంగా ఎక్కడికైనా పో. నేను ఏమీ అనను. అమ్మిన దాన్ని అడిగే హక్కు నాకు లేదు. డాక్టరు గారు శ్రావణంలో ఇంటికి పోవచ్చంటున్నారు. ఏ ఇంటికి పోతున్నానో తెలియకుండా ఎట్లా పోను?

నీ రత్న

*

బనగానపల్లె,
23-6-1957

ప్రియమైన నా రత్నకు,

పైన ఊరి పేరు చూసి గుండె గుభేలుమందా? మొత్తం చదివి తర్వాత కంగారుపడు.

భయపడ్డానా అని అడిగావు. నీ ఉత్తరం చదివి నేను పెరట్లోకి పోయి గట్టిగా ఏడ్చాను. పిచ్చిదానా, నువ్వు బిడ్డను గుండెకు హత్తుకోవాల్సిన చోట తవుడు మూట హత్తుకొని కూర్చుంటే, గోడకు ఇవతల నేను నిన్ను కసాయిదని తిట్టుకుంటున్నానే! నాకు భయం వెయ్యలేదు. నీ మీద ఇంకా పిచ్చి ప్రేమ పుట్టింది, చాలా?

మరి జవాబెందుకు రాయలేదంటావు. చెప్తా. నువ్వు తిట్టినా పడతాను. ఆ ఉత్తరం నేను మీ అత్తకు చదివి వినిపించాను. రోజూ ఆమె నా గుమ్మంలో నిలబడి గుండె ఉందా, గుండె ఉందా అంటుంటే ఒకరోజు పట్టలేకపోయాను. "కూర్చో అత్తా, ఉందో లేదో విను" అని మొదటి నుంచి చివరిదాకా చదివాను. బావి మాట కూడా దాచలేదు. అయిపోయాక, "ఆ బిడ్డలకి పేర్లు పెట్టుకున్యాదా? ఏం పేర్లంటివి?" అని అడిగింది. మళ్లీ చెప్పాను. లేచి పోయింది. ఆ రోజు నుంచి నాతో మాట లేదు, మీ ఆయనతో మాట లేదు. ఎనుములకు మేత వేస్తుంది, వస్తుంది, పోతుంది. ఆమె మనసులో ఏముందో నాకు అంతు చిక్కలేదు. నిన్ను గడప తొక్కనియ్యదేమోనని నా భయం. నేను చేసిన పని నీకు మేలయిందో కీడయిందో తెలియకుండా నీకేమని రాయను?

ఇంతలో మా అయ్యవారికి ఇక్కడికి బదిలీ అయింది. కర్నూలు నుంచి రాజధానే హైదరాబాదుకు పోయింది, ఒక బడిపంతులు బనగానపల్లెకు పోవడం ఎంత అని ఆయన నవ్వుతాడు. నాకు నవ్వు రాలేదు. అప్పుడే నీ రెండో ఉత్తరం వచ్చింది. వాడిని తీసుకొని దూరంగా పో అన్నావు. నిజం చెప్తున్నా రత్నా, వాడి గుడ్డలు మూట కట్టాను. బండి వాకిట్లోకి వచ్చింది. వాడు నా చంకలో ఉన్నాడు. నువ్వే పొమ్మన్నావు, ఇంక అడ్డమెవరు?

అప్పుడు బావి వైపు తలుపు కనిపించింది, నువ్వు పెట్టించిన గడియతో. ఇంత దూరం నుంచి గడియ పెట్టించిన తల్లి దగ్గర నుంచి బిడ్డను ఎత్తుకుపోతే నాకు పుట్టగతులుంటాయా? నేరుగా పోయి మీ అత్త చేతుల్లో పెట్టాను. ఆమె తీసుకుంది. వాడు నా కొంగు పట్టుకొని వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటీ నేనే విప్పాను.

ఇక్కడ మామిడిపండ్ల కాలం అయిపోవచ్చింది. చివరి కాయలు ఇంటి నిండా వాసన కొడుతున్నాయి. ఒక్కటీ నోట పెట్టబుద్ధి కాలేదు. వాడికి రసం నాకించాలని ఉంది.

పోయి వాడిని ఎత్తుకో. మీ అత్త ఏమన్నా నిలబడు. జరిగినదంతా రాయి.

నీ లక్ష్మక్క

*

ఎర్రచెలిమ,
15-9-1957

ప్రియమైన మా అక్కకు,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు నన్ను తిట్టడం మొదలుపెట్టే ఉంటావు. కానివ్వు. తిట్లయ్యాక చదువు.

శ్రావణంలో ఆయన వచ్చి నన్ను తీసుకొచ్చారు. సుంకమ్మ మూరెడు మల్లెలు కట్టి, పెట్టనా వద్దా అని నా ముఖం చూసింది. పెట్టమన్నాను. గుంతకల్లులో బండి మారి డోన్‌లో దిగాం. అక్కడి నుంచి మన ఎద్దుల బండి. దారంతా ఆయనను అడుగుతూనే ఉన్నాను, అత్త ఏమంటోంది, అత్త ఏమంటోంది అని. "పోతాండాం గదా" అన్నారు. అంతే.

బండి మన వీధిలోకి తిరిగింది. అక్కా, అరుగుల మీద మన వీధి ఆడవాళ్లంతా జుట్లు విరబోసుకొని కూర్చున్నారు. ఎవరి నొసటా బొట్టు సరిగా లేదు. నా ప్రాణం పోయింది. పుల్లోడికి ఏదో అయింది, నాకు చెప్పకుండా తీసుకొచ్చారు అనుకున్నాను. బండి ఆగకముందే దూకాను. అప్పుడు మా ఇంట్లో నుంచి అత్త వచ్చింది, చంకలో వాడు, బెల్లం ముక్క చీకుతూ. వాడిని పక్కావిడ చేతికిచ్చి, నా దగ్గరకు వచ్చి, రెండు చేతులతో నన్ను పట్టుకొని రాగం తీసింది.

"నా ముత్యాలా! నా ఓబులేసా! అవ్వను సూడకనే పోతిరే!"

వీధంతా ఒక్కసారి ఏడ్చింది. అత్త నన్ను తన మీద ఆనించుకొని, "పలకరింపుకు వచ్చినాం తల్లీ. శానా ఆలస్యం చేసినాం. ఏడువు. నీ నోరు మూసింది నేనే, ఇప్పుడు నేనే చెప్తాండా, గట్టిగా ఏడువు" అంది. ఒక్కొక్కరే వచ్చారు. నన్ను పట్టుకొని ముత్యాలు పేరు, ఓబులేసు పేరు పెట్టి ఏడ్చారు. ఆ పేర్లు నువ్వూ అత్తా డాక్టరు గారూ తప్ప ఎవరికీ తెలియవనుకుంటే, ఊరికంతా తెలుసు. నువ్వు చదివిన తర్వాత అత్త మాట్లాడకుండా తిరిగిందన్నావే, తర్వాత ఇల్లిల్లూ తిరిగి చెప్పిందట.

ఇంకొకటి విను. ఏడుస్తూ ఏడుస్తూ అత్త నా బిడ్డల పేర్ల నుంచి తప్పుకొని, "నా పెద్దోడా, నా సిన్న తల్లీ" అని మొదలుపెట్టింది. వాళ్లెవరో నాకు తెలియలేదు. మా ఆయనకు ముందు పోయిన వాళ్లట. "నాకూ పోయినారు. ఒక్కరన్నా వచ్చి నన్ను పట్టుకొని ఏడ్చినారా? నాకూ మల్లెలే కట్టినారు" అంది. అంతే, అరుగు మీద ముసలావిడ ఒకామె తన బిడ్డను తలచుకుంది, ఇంకొకామె తన కవలలను. ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో తెలియలేదు. మన వీధిలో అంతమంది బిడ్డలున్నారని నాకు తెలియదక్కా. ఆయన ఎద్దులను విప్పుతూనే ఉన్నారు, ఎంతసేపటికీ ఆ పని తెమల్లేదు. ఎర్ర ఎద్దు మెడ మీద ముఖం పెట్టుకొని నిలబడ్డారు.

ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించనియ్యలేదు. ఒకరు సంగటి, ఒకరు జొన్నరొట్టె, ఒకరు ఉలవచారు తెచ్చారు. తిన్నాను. కడుపు నిండా తిన్నాను.

పుల్లోడు మొదట నా దగ్గరకు రాలేదు. నా ముఖం చూస్తాడు, నీ ఇంటి వైపు వేలు చూపిస్తాడు. నీకు చెప్పకూడదనుకున్నాను గానీ ఉన్నదున్నట్లు రాయడం నువ్వే నేర్పావు. నేను తొందరపెట్టలేదు. నీ ముక్కుపుడక లాంటిది ఒకటి పెట్టుకొని వాడి ముందు కూర్చున్నాను. మెల్లగా వచ్చి దాన్ని పట్టుకున్నాడు. పీకేశాడు అనుకో, ఇంకా నొప్పిగా ఉంది.

ఇప్పుడు నువ్వు అడగకుండా మనసులో పెట్టుకున్నది చెప్తాను. మొన్న వాడిని చంకనేసుకొని బావి దగ్గరికి పోయాను. అత్త గట్టున కూర్చొని వేరుసెనక్కాయలు ఏరుతోంది. బొక్కెన లోపలికి వదిలాను. అప్పుడు ఆ తలపు వచ్చింది. అదే. మాత్రలు మానలేదు, అయినా వచ్చింది. పూర్వమైతే పరుగెత్తి తలుపేసుకునేదాన్ని. నేను నోరు తెరిచి, "అత్తా, ఆ తలపు వచ్చింది" అన్నాను.

వేపమండలు గుర్తు లేవన్నాను గానీ, ఆ నిమిషం ఎందుకో వీపు చురుక్కుమంది.

అత్త చాట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకొని లేచింది. "ఇటియ్యి వాన్ని. నువ్వు నీళ్లు చేదు" అంది. అంతే. వాడిని ఒడిలో వేసుకొని మళ్లీ కాయలు ఏరుకుంటోంది. నేను బొక్కెన చేదాను. రెండోది చేదాను. కడవ నిండింది. "పాయనా?" అంది, నా వైపు చూడకుండానే. పోయింది అత్తా అన్నాను. "అయితే ఇంద, ఎత్తుకో. పొద్దున్నుంచీ మోసి మోసి నడుము నొస్తాంది నాకు" అని వాడిని నా చంకలో పెట్టింది.

బావి వైపు మా తలుపుకు ఇప్పుడు గడియ వాడి కోసం పెడుతున్నాం. తప్పటడుగులు వేస్తున్నాడు, నిమిషం ఒకచోట ఉండడు.

అత్త నిన్న చాటెడు తవుడు కొలిచి తెచ్చి, "బనగానపల్లెకు పోయి వీన్ని తిరిగి కొనుక్కోని రాపో" అంది. నేను కొననన్నాను. అమ్మింది అమ్మిందే. తవుడు ఎనుముకు పెట్టేశాను. వాడు నీవాడు కాబట్టి, వాడిని చూసుకోవడానికి నువ్వు రావాలి. వచ్చే ఏడు మామిడికాయల కాలానికి వాడిని తీసుకొని నేను వస్తాను, రసం నువ్వే నాకించు. ఆ రోజు వీధిలో నువ్వు చేతులు చాపి ఒక మాట అన్నావు. నేను వినకుండా తలుపేసుకున్నాను. ఇప్పుడు విన్నానక్కా.

నీ బిడ్డను సాకుతున్న,
రత్న